పాటను దాటని వ్యాను

తెనాలిలో ఓ మెకానిక్ షెడ్డు, 1968. సూర్యలంక నుంచి వచ్చిన పడవల యజమానురాలు, పడవల్ని ఒడ్డుకి లాగే తన పాత వ్యాను పక్కన నిలబడింది. మెకానిక్ రెండు పళ్లచక్రాల జతలు ఆమె ముందు పెట్టాడు.

"వెనక ఇరుసులోకి ఈ జత వేశాననుకో అక్కా, బాపట్ల రోడ్డు మీద బస్సుని దాటేస్తావు."

"రెండోదో?"

"లాగుడు బలం ఎక్కువ. రోడ్డెక్కితే మాత్రం సైకిలోడు కూడా దాటిపోతాడు."

"అదే వెయ్యి."

"పాత జతతో వ్యాను పడవని ఒడ్డుకి లాగలేదా ఏంటి?"

"ఎందుకు లాగలేదూ, ఉరికింది. పడవ కింద దుంగలు పెట్టేవాళ్లు అందుకోలేకపోయారు. అడుగు పలక చీలింది, మా ఆయన పాదం నలిగింది."

"డ్రైవర్ని మెల్లగా తోలమను."

"మెల్లగా తోలితే ఇసకలో ఆగిపోద్ది. ఉరక్కూడదు, ఆగకూడదు."

"మరి ఎంత మెల్లగా పోవాలంటావు?"

"మావాళ్లు దుంగలు మార్చేది హైలెస్సా పాట తాళం మీద. నువ్వు బిగించి తోలు, నేను పక్కన పాడుతూ నడుస్తా. వ్యాను నా పాటని దాటిందా, మళ్లీ ఊడదీయిస్తా."

సాయంత్రానికి బిగింపు అయింది. స్టేషన్ రోడ్డు మీద వ్యాను కదిలింది. పక్కనే గొంతెత్తి పాడుతూ ఆమె నడిచింది.

"అక్కా, బలే సరిపోయింది! ఇక ఎక్కు, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి."

"కొట్టుకోనీ. నా పాటలో పడవ ఇంకా ఒడ్డెక్కలేదు."