ఆరింటికి

సత్తెనపల్లిలో పిల్లల కౌన్సెలర్ ముందు ఆ తల్లి, పాప ఎప్పుడేం చేస్తోందో వారం రోజులుగా రాసిన నోటుపుస్తకం పెట్టింది.

"పాప రోజూ సాయంత్రం ఆరింటికే గోడకేసి తల కొట్టుకుంటోందమ్మా. ఆ వేళకి ఇంట్లో ఏం జరుగుతుంది?"

"ఏమీ లేదండీ. రోజూ దిష్టి తీస్తానంతే."

"ఎలా?"

"గుప్పెడు ఎండుమిరపకాయలు పాప చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తానండీ. మా చేలోవే, మంచి ఘాటు."

"పాప ఏం చేస్తుంది?"

"కళ్లు మూసుకుని ఒకటే ఏడుపండీ. దిష్టి దిగుతుందిలే అనుకుంటాను."

"ఎప్పట్నుంచి తీస్తున్నారు?"

"మూడేళ్లొచ్చినా మాట రాలేదని, మిరపకాయలు కల్లంలో ఆరబోసినప్పుడు మొదలెట్టానండీ."

"మరి తల కొట్టుకోవడం?"

ఆమె వేళ్లమీద లెక్కపెట్టింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. పుస్తకం మెల్లగా తనవైపు లాక్కుంది.

"ఆ తర్వాతేనండీ."