టవాలు కింద మూడో వేలు

"తాతా, అవ్వ నీతో యాల మాట్లాడదు?"

యాల అంటే... కూసో అమ్మా. ఆ మంచం మీద వద్దు, దాని కోడు ఊగుతాది. ఈ కుర్చీలో కూసో. ఫోనులో పట్టుకుంటాండావా? పట్టుకో, పట్టుకో. కుప్పం నుంచి రెండు బస్సులు మారి వస్తివి, దీనికేనా?

మీ అవ్వ నాకు ఒగే చెల్లెలు. మా నాయన పుంగనూరు సంతలో దళారి. ఎద్దుల బేరం. ఆయన పోయినాక నేను. నువ్వు సూసుండవు గానీ, మా బేరం నోటితో గాదు. అమ్మేవాడు, దళారి చేతులు కలిపి పైన టవాలు కప్పుకుంటారు. వేళ్లు పట్టుకోనేదే ధర. చుట్టూ నూరు మంది ఉన్నా ఒగరికీ తెలీదు. ఇప్పుడు నీ చేతిలో ఉండేది, ఆ ఫోను, ఆ దుడ్డుకు అప్పుడు రెండు జతల ఎద్దులొస్తాండె. ఏం చెప్తాంటి?

ఆ, మునిరత్నం. మీ నాయనకు అన్న, నా మేనల్లుడు. వాడు చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి నా యెంట సంతకొస్తాండె. వేళ్ల లెక్క నాకంటే బిరీన పట్టుకునేవాడు. ఒగ తూరి చొప్ప కోసే కత్తిలో పడి చూపుడు వేలు తెగింది. మీ అవ్వే కట్టు కట్టింది. మానింది గానీ వేలు వంగకుండా పోయింది. కట్టెపుల్ల మాదిరి నిలబడుకోనుండేది. తర్వాత చదువుకోని, యాడెవరితో కలిసినాడో, గోదావరి అవతల అడవుల్లోకి పోయి అన్నల్లో చేరినాడు. పట్టుకోని జైల్లో పెట్టినారు.

అది జరిగినాక కొన్నేండ్లకు ఆ అడవిలోనే ఒగ ఆపీసర్ని అన్నలు ఎత్తుకుపోయినారు. మదనపల్లె ఆయన. వాళ్లింటికి పాడావుని నేనే తోలిచ్చినా. ముగ్గుర్ని జైలు నుంచి వదిలితే ఈయన్ని వదుల్తామని కబురు పెట్టినారు. ఒగ పెద్దాయన, ఒగ బాలింత, మూడోది మునిరత్నం. మధ్యలో నడిసేదానికి మనిషి కావాల. లీడర్లు వద్దు, పోలీసులు వద్దన్నారు. ఆ ఆపీసరే చెప్పినాడంట, మా తట్టు ఒగ దళారి ఉండాడు, మాట మార్చడు అని. అన్నలకు నేను మునిరత్నం మామను. ఇట్ల రెండు పక్కలా నేనే ఒప్పుదల అయితిని.

నేను మొదట్లోనే చెప్పినా. అయ్యా, మాలో దళారి సొంత ఎద్దును బేరం పెట్టడు, ఇంగొగ దళారిని పిలుస్తాడు, ఇది నా వల్ల కాదు అంటి. నన్ను పిలిపించిన గవర్మెంటు పెద్ద ఆపీసరు నవ్వినాడు. ఇంగొగ దళారి యాడుండాడు పెద్దాయనా అన్యాడు.

పోతి. గవర్మెంటు ఇద్దరికైతే సరే అనె, ముగ్గురనే మాటే ఎత్తద్దనె. ఆ ఇద్దరు ఎవరనేది మీ ఇష్టమనె. అడవిలో వాళ్లు ముగ్గురూ రావాల్సిందే అనిరి. అడవిలో ఆపీసర్ని సూస్తి. చలిజ్వరం. మనిషి ఎముకలు బయటికొచ్చినాయి. మదనపల్లెలో మా ఆవు బాగుండాదా అని అడిగినాడు నన్ను. ఇంగ నాలుగు నాళ్లు ఆలస్యమైతే ఇచ్చేదానికి మనిషే ఉండడు అనుకుంటి.

అప్పుడు జైలుకు పోతి, ముగ్గురూ బాగుండారని కండ్లారా సూసి అడవిలో చెప్పాలని. పక్కనే జైలరు. కేసు మాట ఎత్తద్దు, బాగోగులు అడిగి లేసిపో అన్యాడు. మునిరత్నం వచ్చి ఎదురుగా కూసున్యాడు. ముగ్గుర్ని అడిగితే ఇద్దరే అంటాండారని పేపర్లో వచ్చుండె, వాడికి తెలుసు. మామా, ఎర్రావు ఈనిందా అన్యాడు. ఈనిందిరా, కోడెదూడ అంటి. అంటానే భుజం మీద టవాలు తీసి నా చేతి మీద ఏసుకుంటి. వాడు కిందికి చెయ్యి పెట్టినాడు.

ముగ్గురూ అని నేను మూడు వేళ్లు ఇస్తి. వాడు మూడోదాన్ని మడిచి రెండే పట్టుకున్యాడు. మళ్లా మూడు ఇస్తి. మళ్లా మడిచినాడు. మడిచి, ఆ మూడో వేలిని తన అరచేతిలో పెట్టుకోని మూసేసినాడు. మూడోవాణ్ణి నేను, నేను ఉంటాను అని. ఆ వంగని వేలు నా మణికట్టు మీద గుచ్చుకుంటానే ఉంది. నోటితో మాత్రం, దూడకు పాలు బాగా వదులు మామా అన్యాడు. అంతే.

అడవికి పోయి ఇద్దరే అని చెప్పినా. మూడోవాడే ఉంటానన్యాడు అని చెప్పినా. వాళ్లు పక్కకు పోయి మాట్లాడుకోనొచ్చి సరే అన్యారు. పెద్దాయన, బాలింత బయటికొచ్చిరి. ఆపీసరు మదనపల్లెకు వచ్చె. మునిరత్నం ఆడనే ఉండిపోయె. రెండో ఏడు కామెర్లొచ్చి జైల్లోనే పోయినాడు.

మీ అవ్వకు అప్పుడే అంతా చెప్పినానమ్మా. దాచలేదు. ఆయమ్మ విని, నిమ్మళంగానే అనింది, "అన్నా, నేనూ దళారి కూతుర్నే. టవాలు కింద జరిగినదానికి సాక్షి ఎవరు?" అని. ధర తక్కువొచ్చినోళ్లు మా నాయన్ని అట్లే అడుగుతాండిరి. ఆ మాట అని మీ అవ్వ తలుపేసుకుంది. మూడు తూర్లు పోయినా కుప్పానికి. నా గొంతు వింటే లోపలికి పోతాది.

సంతలో కూడా... కొందరు నన్ను పోలీసోళ్ల మనిషి అన్యారు, కొందరు అడవోళ్ల మనిషి అన్యారు. తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. టీ ఇప్పిస్తారు, పక్కన కూసోబెట్టుకుంటారు. బేరానికి మాత్రం నా టవాలు కింద మళ్లా ఎవరూ చెయ్యి పెట్టలేదు. కొన్నాళ్లు ఊరికే పోయి నిలబడుకోనొస్తాంటి. తర్వాత అదీ మానుకుంటి.

ఏడవద్దు పాపా. ఫోను పక్కన పెట్టి చెయ్యి ఇట్లియ్యి. కొక్కేనికి టవాలు ఉండాది, తీసుకో. ఆ, కప్పు. ఇప్పుడు చూపుడు వేలు చాపు, వంచద్దు. బొటనవేలితో నా మూడో వేలు మడువు. ఇంగా గట్టిగా. ఇప్పుడు దాన్ని అరచేతిలో పెట్టుకోని మూసెయ్యి. ఆ... అంతే. అట్లనే.

మీ అవ్వకు ఇట్ల చెయ్యి. మాటలు ఏమీ చెప్పద్దు, నా పేరు ఎత్తద్దు. ఆ వేలికి కట్టు కట్టింది ఆయమ్మే. నమ్మితే నమ్ముతాది, లేకుంటే లేదు. చెయ్యి ఎనక్కి లాక్కునిందా, అట్లే ఉంచిందా, అదొగటి నాకు ఫోను చేసి చెప్పు తల్లీ.

ఇంగ పో, బస్సు పోతాది. చల్లగుండు. నీ చెయ్యి పట్టుకున్నోళ్లు నీ మాట నమ్మేవాళ్లు కావాల... టవాలా? తీసుకుపో. ఈడ దాంతో నాకేం పని.