నెమ్ము గోడ

బిడ్డను ఆ గోడకు ఆనుకోనీబాక తల్లీ. రంగు ఆరలేదని కాదు, పైన రంగు ఎప్పుడో ఆరిపోయింది. లోపల తడి ఉండాది చూడు, అది పోలేదు. ఎన్నిసార్లు చెప్పాలి ఈ ఓనరు దొరైస్వామికి, ఎన్ని రకాలుగా చెప్పాలి? పుండు మీద పౌడరు పూసినట్టు పూసేసి, ఇల్లు చూపించు అంటాడు.

ఆ కుర్చీ వాకిట్లోకి లాక్కో, బిడ్డకు గాలి తగుల్తుంది. నీ మాట చూస్తే మనోళ్ళ మాదిరే ఉండాది. ఈ అరవోళ్ళ లాస్‌పేటలో తెలుగు చెవిన పడితే నాకు నోరు ఆగదు.

నన్ను కన్నియమ్మాళ్ అంటారు. ఈ ఇంట్లో నా కొడుకు అరివళగన్, కోడలు విజి, మనవరాలు ఆర్తి, నేను. పాతోళ్ళు ఖాళీ చేస్తా ఉండారని ఓనరు చెప్పుంటాడు. ఎందుకు ఖాళీ చేస్తా ఉండారో చెప్పినాడా?

చెప్పడు. నేను చెప్తాను, విను.

మేము వచ్చింది నడి ఎండల్లో. మా వాడికి తట్టాంచావడిలో లేత్ మిషన్ల షెడ్డులో పని, ఇక్కడినుంచి దగ్గర. విజికి ఈ గది తెగ నచ్చింది. బయట నిప్పులు చెరుగుతా ఉంటే లోపల చల్లగా ఉండాది గదా. ఆ చల్లదనం యాడనుంచి వస్తా ఉండాదో అప్పుడు ఎవురికి తెలుసు? ఆర్తి మంచం అదిగో, ఆ గోడ పక్కనే వేసింది.

ఐపసి నెల, దీపావళి వానలు పట్టుకున్నాయి. మొదట అరచెయ్యంత మరక. తుడిచినాం. తర్వాత ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. బీరో జరిపి చూస్తే వెనకంతా బూజు, నూగు వెంట్రుకల మాదిరి లేచి ఉండాది. విజి పెండ్లి చీర మడతల్లో పచ్చగా పట్టేసింది. పిల్ల దిండు ముట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన.

ఓనరును పిలిస్తే వచ్చినాడు, చూసినాడు. బట్టలు లోపల ఆరేస్తా ఉండారు, కిటికీ మూసి అన్నం వండుతా ఉండారు, అందుకే అనినాడు. ఇల్లు ఎట్లుండేది పెట్టుకునే ఆడదాని చేతిలో ఉంటుందమ్మా అని, విజి మొగం చూసి మరీ అనినాడు.

నా కడుపు మండేది యాడంటే, ఆ పిల్ల ఆ మాట నమ్మింది.

పొయ్యి ఎత్తుకుపోయి వెనక టార్పాలిన్ పట్ట కట్టుకుని వానలో వండింది. కిటికీ మూయనిచ్చేది కాదు, జల్లు కొట్టినా సరే. బ్లీచింగ్ పౌడరు కలిపి రుద్దీ రుద్దీ వేళ్ళ తోలు ఊడొచ్చింది. రుద్దినంత సేపు తెల్లగా ఉంటుంది, మళ్ళీ వచ్చేస్తుంది. ఒకరోజు ఆ గోడ ముందర గుడ్డ పట్టుకుని కూలబడి, "నాకు ఇల్లు చూసుకోవడం రాలేదత్తా" అనింది. ఆ పిల్ల శుభ్రం మా బంధువులందరికీ తెలుసు. గిన్నె కడిగితే మొగం చూసుకోవచ్చు. అట్లాంటిదాని చేత ఆ మాట అనిపించినాడు.

అంతలోనే ఆర్తికి దగ్గు. ఊరికే దగ్గు కాదు తల్లీ, పిల్లికూతలు. పడుకుంటే ఛాతీలో పిల్లిపిల్ల అరిచినట్టు. గోడకు పట్టిన నెమ్మే బిడ్డ ఛాతీకీ పట్టింది.

విజి దాన్ని బాహూరులో వాళ్ళమ్మ ఇంటికి తీసుకుపోయింది. చెరువు గాలి, వరి మళ్ళు, ఆ చలికి ఇంకా జాస్తి అవుతుందని నేను భయపడితిని. అక్కడ ఒక్క దగ్గు లేదంట. గట్ల మీద పరిగెత్తిందంట. తిరిగి వచ్చినారో లేదో, మళ్ళీ పట్టుకుంది. డాక్టరు మందులు రాసి, మీ ఇంట్లో గోడలు ఎట్లా ఉండాయమ్మా అని అడిగినాడు. అన్నిటికీ గబగబా బదులు చెప్పిన పిల్ల, దానికి మాత్రం తోలు ఊడిన వేళ్ళు కొంగులో దాచుకుంది.

అంతలో మా పైన మిద్దె మీద ఉండేవాళ్ళు కొన్నాళ్ళు ఊరికి పోయినారు. వాళ్ళు లేనన్నాళ్ళు మా గోడ ఆరతా వచ్చింది. వాళ్ళు వచ్చి నీళ్ళు పోసుకోవడం మొదలుపెడితే మళ్ళీ తడి. అప్పుడు విజికి తెలిసింది, తప్పు తన చేతిది కాదని. నేరుగా ఓనరు ఇంటికి పోయి, మీ మిద్దె బాత్రూము నీళ్ళు మా గోడలోకి దిగతా ఉండాయని చెప్పింది.

ఆయన కాదనలేదు. అదే చూడు. ఆయనకు ముందే తెలుసు, మేము రాకముందు నుంచీ తెలుసు. ఆ బాత్రూము నేలకు కొత్త టైల్సు వేయించినాడంట, పగలగొడితే అదే పువ్వు మళ్ళీ దొరకదంట. వానలు పోనీ, చూద్దాం అనినాడు. మా వాడు కాళ్ళావేళ్ళా పడినాడు. మనిషిని నేనే తెస్తాను, ఖర్చు నేనే పెట్టుకుంటాను, మీరు ఊ అనండి చాలు అని. నా ఇంట్లో గడ్డపార ఎత్తేదానికి నువ్వెవురు అనినాడు.

నువ్వే చెప్పు. ఊడ్చుకోమంటే ఊడ్చుకుంటాం, కడుక్కోమంటే కడుక్కుంటాం. గోడ లోపల పారే నీళ్ళను బాడుగకు ఉండేవాళ్ళు ఏం చేసేది? మేము పగలగొడితే తప్పు. ఆయన పగలగొట్టకుంటే తప్పు కాదా? బాడుగ తీసుకునేటప్పుడు మాత్రం గోడలు ఆయనవే గదా.

మొన్న మిద్దెవాళ్ళు ఖాళీ చేసినారు. ఇప్పుడన్నా బాగు చేస్తాడని విజి ఎంత సంబరపడిందో. బాగుచేసేవాళ్ళు రాలేదు, రంగులేసేవాళ్ళు వచ్చినారు. మాకు ఒక మాట చెప్పకుండా వచ్చి ఆ బూజంతా గీకినారు. ఇల్లంతా నల్ల దుమ్ము. అప్పుడే ఆర్తి బళ్ళోనుంచి వచ్చింది.

కొంచెం సేపటికే ఊపిరి అందలేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగినాయి. విజి దాన్ని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరిగెత్తింది. నేను వెనకాల, నా కాళ్ళు యాడ అందుకుంటాయి? ఎవురో ఆటో ఆపినారు.

ఇంకా పెద్దాసుపత్రిలోనే ఉండాది. మొగానికి ఆవిరి మిషను తగిలించినారు. కళ్ళు మాత్రం తిప్పి చూస్తుంది. మళ్ళీ ఆ ఇంటికి తీసుకుపోవద్దు, ఇంకోసారి వస్తే మా చేతిలో ఉండదు అని డాక్టరు చెప్పేసినాడు.

వేరే ఇల్లు చూసుకోకూడదా అనే గదా నీ చూపు? చూడకుండా ఉంటామా? మా వాడు పని మానుకుని తిరగతానే ఉండాడు. ఆ దుమ్ము రేగకముందే ఒక ఇల్లు కుదిరినట్టే అయింది. మాటల మధ్యలో ఆర్తి దగ్గింది. ఏం జబ్బో ఏమో అని ఆ ఇంటామె తలుపు వేసేసింది.

ఇంగ దాచేది ఏముంది, చెప్పేస్తాను.

నిన్న ఓనరు ఆసుపత్రికి వచ్చినాడు. ఆపిల్ పండ్లు తెచ్చినాడు. నన్ను పక్కకు పిలిచి, "మిద్దె ఇల్లు మీకే ఇస్తాను పెద్దమ్మా, ఇదే బాడుగకు. అయితే కింద ఎవురన్నా చేరితేనే, నువ్వే చూపించు. గోడ మాట మాత్రం ఎత్తబాక" అనినాడు.

సరే అన్నాను. విజికి చెప్తే, ఆ పిల్ల ఇన్నాళ్ళకు పొట్లం విప్పి కడుపునిండా అన్నం తినింది.

పొద్దున సాంబ్రాణి వేసింది నేనే తల్లీ, వాసన తెలీకూడదని. బీరోను తడి జాగాకు అడ్డంగా జరిపింది నేనే. బంగారం లాంటి ఇల్లు అని చెప్పేదానికి మాట నోట్లో పెట్టుకుని తలుపు తీసినాను. నువ్వు చంకలో బిడ్డతో నిలబడి ఉండావు.

మేము మిద్దెకెక్కితే రోజూ ఆర్తికి నీళ్ళు పోసేది నేనే. పోసిన నీళ్ళు యాడికి దిగతాయి? నీ బిడ్డ పడుకునే చోటికే గదా.

పో తల్లీ. ఓనరు అడిగితే ఇల్లు నచ్చలేదని చెప్పు. విజికి ఏం చెప్పాలో నాకు తెలీదు.

సాయంత్రం ఇంకెవురో వస్తారంట. పిల్లలు ఉండారో లేదో నేను అడగలేదు. నీకు చెప్పినట్టే వాళ్ళకూ చెప్తానని ఒట్టు పెట్టమంటే మాత్రం, నా వల్ల కాదు.