ముందుబోయి గున్నయ్య జోలపాట

గున్నయ్యని ఒక పల్లకీ బోయీ ఉండేవాడంట. ఎక్కడోడో అనుకునేరు, మన నేరేడుగెడ్డోడే! జమీందారుగారి కోటకి పల్లకీ మొయ్యాలంటే మనూరోళ్ళు కాక ఇంకెవరు పనికొస్తారు చెప్పండి? నలుగురు బోయీలూ మనోళ్ళే. అందులో గున్నయ్య ముందుబోయి. ముందుబోయి అంటే ఏటో మీకేం తెలుస్తాదిలే, బస్సులెక్కి తిరిగేవాళ్ళు. వినండి చెప్తాను. పల్లకీ ముందు కర్ర భుజాన పెట్టుకున్నోడికి దారి కనిపిస్తాది. వెనకోడికి ఏం కనిపిస్తాది? పల్లకీ చెక్క కనిపిస్తాది, అంతే. వాడి కాలికింద రాయుందో గొయ్యుందో వాడికేం తెలుసు? అందుకని ముందోడు అరవాలి. "ఎడమ రాయి!" అని వీడు కేకేస్తే, వెనకోళ్ళు "ఓహోం" అని చూసి అడుగేస్తారు. "కుడి గొయ్యి!" "ఓహోం." అలా కొండలెక్కి దిగేసేవారు. వెనకోళ్ళకి కళ్ళంటే వాడి నోరే అనుకో. గున్నయ్య గొంతు మాటేంటి మరి, కొండమీద అరిస్తే కింద గెడ్డ నీళ్ళలో పడుకున్న గేదెలు తలెత్తి చూసేవంట!

ఇలా ఉండగా ఏమైందంటే, జమీందారుగారి దొరసానమ్మకి ఆడపిల్ల పుట్టింది. పుట్టింటి నుంచి పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కోటకి వస్తోంది. పల్లకీ ఎక్కింది, బోయీలు లేచారు, గున్నయ్య "ఎడమ రాయి!" అన్నాడో లేదో, లోపల పాప ఉలిక్కిపడి కేర్‌మంది. రెండో కేకకి ఇంకా గట్టిగా ఏడ్చింది. పక్కన గుర్రం మీద దివాన్‌గారు వస్తున్నారు. ఆయన చెడ్డాయనేం కాదు, నేను చెప్పేది అర్థం చేసుకోండి. పాప ఏడిస్తే దొరసానమ్మ ఏడుస్తాది, దొరసానమ్మ ఏడిస్తే దొరగారు ఎవరి మీద పడతారు? ఈయన మీదే గదా. అందుకని గుర్రం దగ్గరకి తెచ్చి, ఒరే గున్నయ్యా, ఇంకోసారి నీ గొంతు వినపడిందంటే నీకే కాదు, నలుగురికీ కోటలో పని లేదు, నోరు మూసుకుని మొయ్యండి, అన్నారంట. సరేనన్నాడు గున్నయ్య. ఏమంటాడు మరి? నాలుగిళ్ళ పొయ్యిలు ఆ పల్లకీ మీదే వెలుగుతున్నాయి. నోరు మూసుకుని నాలుగడుగులు వేశాడో లేదో, వెనక ధబ్‌మని పల్లకీ ఒరిగింది. వాడి బామ్మరిది అసిరయ్య బొటనవేలు రాయికి కొట్టుకుని రక్తం కారుతోంది. "ఏటి బావా! నోట్లో ముద్దెట్టుకున్నావా?" అన్నాడు అసిరయ్య, గొంతు తగ్గించి. వాడి అక్కేమో పొద్దున్నే మొగుడితో, నా తమ్ముడి ఒంటిమీద గీత పడిందో నువ్వింటికి రాకు, అని చెప్పి మరీ పంపించింది.

ఎదరేమో ఘాటీ. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. ఇప్పుడు గున్నయ్య అరిచాడా, నలుగురి పనీ పోతాది. అరవలేదా, అసిరయ్యే కాదు, తల్లీ పిల్లా కూడా లోయలోకి పోతారు. మీరైతే ఏం చేద్దురు? ఊఁ? చెప్పరేం? నలుగురూ కూర్చుని వింటున్నారు గాని ఒక్కడికీ తోచదు! గున్నయ్య ఏం చేశాడంటే, ఆ రాయంత మొరటు గొంతుని వెన్నపూసలా చేసేసి పాటెత్తుకున్నాడంట.

"జోజో పాపాయి, ఎడమకాడ రాయి,
జోజో బుజ్జాయి, కుడికాడ గొయ్యి."

బావకి ఎండదెబ్బ తగిలిందిరా బాబూ అనుకున్నాడు అసిరయ్య. అనుకుంటూనే ఎడమకాలు రాయిమీద వేశాడు, ఈసారి చిటికెనవేలు పోయింది. అప్పుడు అర్థమైంది వాడికి! "ఓహోం" అనబోయి, నాలిక్కరుచుకుని, "హాయీ" అన్నాడు. మిగతా ఇద్దరూ కూడా "హాయీ" అన్నారు. "జోజో చిన్నారి, జారుతాది దారి." "హాయీ." లోపల ఏడుపాగింది. ఘాటీ దిగేసరికి పాపా పడుకుంది, దొరసానమ్మా పడుకుంది. దివాన్‌గారు కూడా గుర్రం మీద కునికిపాట్లు పడ్డారని అంటారు, నేను చూడలేదనుకో.

ఇక్కడితో అయిపోతే బాగుండును. కోటకెళ్ళాక పాపకి వేరే జోల పనికిరాలేదు. దాసీలు పాడితే ఏడుపు, దొరసానమ్మ పాడితే ఏడుపు. గున్నయ్యని పిలిపించి, ఇకనుంచి నీకు మోతపని లేదయ్యా, ఊయల దగ్గర కూర్చుని పాడు, కొత్త బట్టలు, కోటలోనే భోజనం, అన్నారు. గున్నయ్య భుజం తడుముకున్నాడంట. అక్కడ ఇంత కాయ కాసి ఉంది. ఇంటికొచ్చి పెళ్ళానికి చెబితే, ఆవిడ ఆ సందుకీ ఈ సందుకీ వెళ్ళి చెప్పొచ్చింది. మనూరోడు కోటలో కూకుని తింటాడంట! మన ఊరికి అంతకన్నా ఏం కావాలి? తలపాగా కట్టించి మరీ పంపించారు.

కూర్చున్నాడు. ఊయల ఊపుతున్నాడు. నోరు తెరిస్తే పాట రాదే! వాడి పాటంతా ఎదర కనిపించిన దారే గదా. హాల్లో రాయేది, గొయ్యేది? కళ్ళెత్తి చూస్తే దివాన్‌గారు వస్తున్నారు. వాడి నోరాగుతాదా?

"జోజో బుజ్జాయి, ఎదర దివాన్‌గారి బొజ్జోయి!"

వంటింట్లోంచి ఆడవాళ్ళందరూ "హాయీ" అన్నారు. దివాన్‌గారు బొజ్జ లోపలికి లాక్కుని గోడవారగా వెళ్ళిపోయారంట. దొరసానమ్మకి నవ్వాగలేదు. పాప హాయిగా పడుకుంది.

బాగానే ఉంది. ఇంతలో ఏమైందంటే, గున్నయ్య బదులు ముందు కర్ర పట్టడానికి పక్కూరోణ్ణి పెట్టారు. పేరు చెప్పను, వాళ్ళ చుట్టాలు ఇక్కడే కూర్చున్నారు. ఆ పక్కూరోడికి అరిస్తే పనిపోతాదని భయం, పాడదామంటే గొంతు లేదు. గమ్మున మోశాడు. గెడ్డ దాటేటప్పుడు అసిరయ్య నాచురాయి మీద కాలేశాడు. పల్లకీ ఖాళీది గనక సరిపోయింది, వాడి కాలు మాత్రం మడతపడిపోయింది. కుంటుకుంటూ కోటకొచ్చి, ఊయల పక్కన నేలమీద కూలబడ్డాడు. బావని తిట్టలేదు. "నువ్వు కోటలో కూకున్నావని ఊరంతా గొప్పగా చెప్పుకుంటన్నాం బావా. నానూ చెప్పుకుంటన్నాను. కానీ నువ్వు కూకున్నకాడ రాళ్ళు లేవు బావా" అన్నాడు. అంతే అన్నాడు.

గున్నయ్య ఊయల ఆపేశాడు. దొరసానమ్మ దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టి, అమ్మా, నన్ను పల్లకీకాడికి పంపించెయ్యండి, అన్నాడు. ఇక్కడ నీకేం లోటు చేశామయ్యా అందావిడ. "లోటేం లేదు తల్లీ. పాపకి నా గొంతు కావాలి, ఆళ్ళకి నా కళ్ళు కావాలి. గొంతైతే మీ ఆడోళ్ళకి నేర్పేసి పోతాను. కళ్ళు ఎవరికి నేర్పేది?" దివాన్‌గారు పక్కనే ఉన్నారు, "కూర్చునే పని మానేసి మోసే పని అడిగినోణ్ణి నిన్నే చూశాన్రా" అన్నారు. దానికి మనోడు ఏమన్నాడో తెలుసునా? "మోసే పని కాదు బాబూ, ముందు నడిచే పని. మొయ్యడం దాంతోపాటు వస్తాది" అన్నాడు! మనూరోడి మాట! దివాన్‌గారు నవ్వేసి, సరే పో, ఇక నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకో, అన్నారంట. కానీ గున్నయ్య మళ్ళీ అరవలేదు. పల్లకీ ఎత్తిన ప్రతిసారీ పాడాడు. కాలు బాగయ్యాక అసిరయ్య వెనక నుంచి "హాయీ" అంటూనే ఉన్నాడు.

అదీ సంగతి. మనూళ్ళో ఏ ఊయల ఊపినా రాళ్ళూ గోతులూ అని పాడతారేంటని పక్కూరోళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. మన పిల్లలు నడక రాకముందే దారి చెప్పించుకుంటున్నారు, వాళ్ళకేం తెలుసు! ఆ బొజ్జ ముక్క కూడా పోలేదు. మొన్న మా కోడలు పాపని ఊపుతుంటే నేను చూసుకోకుండా గుమ్మంలోకొచ్చాను. తల తిప్పకుండా, "జోజో బుజ్జాయి, ఎదర మావయ్యగారి బొజ్జోయి" అంది. ఏం చేస్తాను? లోపలికి లాక్కుని, "హాయీ" అన్నాను.