వణికిన గీత

పెద్ద వరదకు వంటింటి గోడ కూలిన ఏడు అది. ఆయన భార్య పోకముందు ఆ గోడ మీద బొగ్గుతో గీసిన పిచ్చుక ఇక ఒక ఫొటోలోనే మిగిలింది. దాన్ని చెక్కలో కోయించుకుందామని ఆయన మరదలి ఇంటికి వెళ్లాడు. ఆమె సరదాకి కొనుక్కున్న లేజర్ మిషన్ అక్కడుంది.

“చూడు బావా, కంప్యూటర్‌లో ఫొటో మీద గీత లాగేశాను. మిషన్ ఈ గీత వెంటే కోస్తుంది.”

“ఇది మీ అక్క పిచ్చుక కాదు.”

“ఇంకెవరిది, నాదా? వంకరలు తీసి నున్నగా చేశాను, అంతే.”

“వంకరలు ఉండనీ.”

“చెయ్యి వణికే రోజుల్లో గీసింది బావా. మిషన్ ప్రతి వంకర దగ్గరా నెమ్మదిస్తుంది, అంచు మాడుతుంది.”

“మాడనీ. ఆ వణుకు వచ్చాకే కదా, నా చెయ్యి పట్టుకుని నడిచింది.”

ఆమె మౌస్ వదిలేసి ఆయన వైపు తిరిగింది.

“ఇన్నేళ్లకు నోరు విప్పావు. వినాల్సింది అక్క.”

“విన్నా నవ్వేసేది.”

“సరే, కూర్చో. గీతలో ఒక్కో చుక్కనూ ఫొటోలో ఉన్న చోటికే జరుపుతాను. పొద్దుపోతుంది మరి.”

“పోనీ.”

మర్నాడు పొద్దున ఆయన ఆ చెక్క పిచ్చుకను గోడకు తగిలించలేదు. ఒళ్లో పెట్టుకుని అంచు వెంట వేలు నడిపాడు. భార్య చెయ్యి వణికిన ప్రతిచోటా వేలు ఆపి, కాసేపు అక్కడే ఉంచాడు.