నర్సు పిల్లా, నిమ్మకాయ పచ్చడీ

ఇది నవలా, పచ్చళ్ళ పుస్తకమా, షౌకత్? నువ్వే చెప్పు. ఆ నర్సు పిల్ల రైలు వంతెన మీద నిలబడింది. "ఇక సెలవు" అంది. గుండె చిక్కబట్టుకుని పుట తిప్పితే ఏముంది? "పాతిక నిమ్మకాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టండి" అని ఉంది!

మీ అమ్మ సైదాబీ గారు వారపత్రికల్లోంచి సీరియల్ చించి కుట్టించారు, సరే. పచ్చడి కాగితం కూడా కలిపి కుట్టించాలా? అద్దెకిచ్చే ముందు కొట్టువాడివి నువ్వయినా తిరగెయ్యవద్దా?

నవ్వకు. నీకు పద్యాలు చెప్పినవాణ్ణి. ఈ నరసరావుపేటలో నెలనెలా జరిగే కవి సమ్మేళనానికి అధ్యక్షుణ్ణి. సీరియళ్ళతో బుద్ధి మందగిస్తుందని ప్రతి సభలోనూ హెచ్చరిస్తున్నవాణ్ణి. అందుకే కదా దీనికి నీ చేత వ్యాకరణం అట్ట వేయించుకున్నది!

మొన్నటి సభ సంగతి విన్నావా? వినే ఉంటావులే. ఊరంతా విన్నది.

తాలూకాఫీసు గుమాస్తా బాబూరావు లేచాడు. "రెంటచింతల ఎండ" అని దీర్ఘకావ్యం. ఒక్క చెమట మీదే నలభై పద్యాలు! నేనేం చేయను? అట్ట ఉన్నది కదా అన్న ధైర్యంతో ఇది తెరిచాను. సరిగ్గా అక్కడే ఆ పిల్ల తల్లి పోయింది. పోయిన తల్లికి ఆ పిల్ల జడ అల్లుతుందయ్యా... చివర రిబ్బను కూడా కట్టి...

ఉద్యోగమంతా ఎవరి ఎదుటా తడవని కళ్ళు, షౌకత్. బొటబొటా కారాయి.

వెనక నుంచి ఎవడో, "ఒరేయ్, పెద్దాయన ఏడుస్తన్నాడ్రా!" అని అరిచాడు. బాబూరావు పరుగున వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. "ఏ పద్యానికి మాస్టారూ?" అన్నాడు. నేను ఏం విన్నానని చెప్పను? "అన్నిటికీ" అన్నాను.

అదే కొంప ముంచింది. ఈ ఆదివారం ప్రత్యేక సభ. అన్నీ మళ్ళీ మొదటి నుంచి చదువుతాడట! మాచర్ల నుంచి, గురజాల నుంచి జనం వస్తున్నారు. కవిత్వం కోసమా? కాదు, నేను ఏడుస్తుంటే చూడటానికి! ఏడవకపోతే పాపం, అతని ముఖం ఏం కావాలి? నా మాట ఏం కావాలి?

ఇంట్లో ప్రేమమ్మ సరేసరి. "ఏందయ్యా, మా అమ్మ పోయిన్నాడు బిగుసుకు కూర్చున్నావు. ఎండకేడ్చావా?" అని పూటపూటా దెప్పుతున్నది.

కనుక చివరి వారం కాగితాలు ఆదివారం లోపల నాకు కావాలి. సైదాబీ గారిని అడుగు. పచ్చడి జాడీ మీద మూతేసి ఉంటారేమో, చూడమను.

ఏమిటీ? కథ నీకు తెలుసా? ఆగు! నోటితో చెప్పకు! ఇప్పుడే ఇక్కడే ఏడిస్తే సభకు ఏం మిగులుతుంది?

సభ కోసమైతే ఆ పిల్ల చావడమే మేలు. నిజమే. కానీ...

తల అలా అడ్డంగా ఊపుతావేం? చావదా? చెప్పవద్దన్నానా!

ఇక నీళ్ళు రావనుకుంటున్నావా, వెర్రివాడా? బతికిందంటే నాకు ఒక్క రుమాలు చాలదయ్యా.