గోడవైపు తిరిగిన కుర్చీ

2009 సెప్టెంబరు 14వ తేదీన శ్రీ జనార్ధనరావు గారు కెనడాలో, రెజైనా నగరంలోని మా నొప్పి చికిత్సా కేంద్రంలో సాంకేతిక నిపుణులుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. నొప్పిని అణచడానికి చర్మం కింద అమర్చిన నరాల ప్రేరక యంత్రం తీవ్రతను చేతిలోని రిమోట్‌తో ఎలా పెంచుకోవాలో, ఎలా తగ్గించుకోవాలో రోగులకు ఓర్పుతో నేర్పడం వారి విధి. ఒక్కొక్కరికి గంటసేపు కేటాయించేవారు. అదీ చాలదని మాతో పోట్లాడేవారు.

తరువాతి కాలంలో విద్యార్థుల తాకిడి మొదలైంది. 2022 శీతాకాలంలో, వరంగల్ నుంచి చదువుకై వచ్చిన చాందిని అనే అమ్మాయి, పార్ట్‌టైమ్ పనికి వెళుతూ మంచుమీద జారిపడి, కాలి నరం దెబ్బతిని మా వద్దకు చేరింది. యంత్రం అమర్చాక జనార్ధనరావు గారు ఎదురుగా కూర్చుని "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగిన ప్రతిసారీ "బాగుందంకుల్" అన్నది. పెద్దాయన అంత శ్రమపడుతుంటే బాగాలేదని ఎలా అంటుంది? ఆ మొహమాటంతో మూడు వారాలు మంట భరించింది. సంగతి తెలిసిన రోజు వారు భోజనం ముట్టలేదు. "తప్పు నాదే పద్మినీ. పిల్ల నా మొహం చూసి చెప్పింది" అన్నారు నాతో.

మర్నాడు ఆమెను పిలిపించి, రిమోట్ చేతికిచ్చి, తమ కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. "నాకేం చెప్పొద్దు తల్లీ. నేనిటు చూడను. నీకెక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆపెయ్." నలభై నిమిషాలు గోడనే చూశారు. చివరకు వెనకనుంచి "ఇది వద్దంకుల్, ముందుదే బెటర్" అని వినిపించగానే వారి ముఖం వెలిగిపోయింది. అప్పటినుంచి మనవాళ్లెవరు వచ్చినా ఆ కుర్చీ గోడవైపే.

ఇక్కడితో ఆపితే వారి పదవీ విరమణ సంచికకు శోభగా ఉండేది. నావల్ల కావడం లేదు. వారి పదవిని భర్తీ చేయరట! సోమవారం నుంచి వేరే ఊరి నిపుణుడు వీడియోలో రోగికి పదిహేను నిమిషాలట. రిమోట్‌తో రోగి మార్చుకోగలిగేది మనం పెట్టిన హద్దుల్లోనే. యంత్రం నుంచి నరానికి వెళ్లే లోపలి తీగ పక్కకు జరిగితే నిపుణుడు ఎదురుగా ఉండి చూడాలి. చాందినికి గత నెల తీగ జరిగింది, మంట మోకాలిదాకా వచ్చింది. దాన్ని చక్కదిద్దే సిట్టింగులు పూర్తయ్యేలోపే వారి గడువు అయిపోయింది; వేరే నిపుణుడి కోసం పద్నాలుగు నెలలు ఆగమన్నారు. చదువు ముగించిన ఆ అమ్మాయి వర్క్ పర్మిట్‌కు తొమ్మిది నెలలే ఉంది. అది ముగిస్తే ఇక్కడి వైద్యమూ ముగుస్తుంది. నేను కలవని అధికారి లేరు, రాయని ఉత్తరం లేదు. ఏం లాభం?

జనార్ధనరావు గారూ, నిన్న బల్ల సర్దుకుంటూ "ఆ పిల్లకి ఎవర్ని చూశారు?" అని మీరడిగితే "చూస్తున్నామండీ" అన్నాను. అబద్ధమండీ. ఎవరూ లేరు. మీ శ్రీమతి శ్యామల గారితో కలిసి, నిండు నూరేళ్లు, మీరైనా ఆరోగ్యంగా ఉండండి.